రెండు వైపులా పడాలి

పొద్దున్నించీ అక్క కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇంట్లోంచి బండి దగ్గరికి, బండి దగ్గర్నుంచి ఇంట్లోకి. పొయ్యి ఆర్పానో లేదో చూద్దామని ఒకసారి, నీళ్ళ సీసా కోసం ఒకసారి, సాకేమీ దొరక్క ఊరికే ఇంకోసారి. బండి వెనక దాణా బస్తాల మీద తమ్ముడి రేకు పెట్టె ఎక్కి కూర్చుంది. అసలు దాన్ని చూడలేకే ఆవిడ అన్నిసార్లు లోపలికి పోతోంది.

తమ్ముడు ఇవాళ వెళ్ళిపోతున్నాడు. కొండ మీద కొత్త రోడ్డు వేస్తున్నవాళ్ళ క్యాంపులో రోలరు నడిపే పని దొరికింది. సాయంత్రం పని ముగిసేలోపు గేటు దగ్గరికొస్తే చేర్చుకుంటానని మేస్త్రీ మాటిచ్చాడు. చెప్పుకోడానికి దగ్గరే, కానీ ఆ క్యాంపు ఒకచోట ఉండేది కాదు. రోడ్డు ఎంత పడితే అంత ముందుకి జరుగుతుంది, ఈ కొండ దిగి అవతలి కొండ ఎక్కుతుంది, ఆ తర్వాత ఎక్కడికో. అలా పోయినవాడు మళ్ళీ ఇంటి మొహం చూసేదెప్పుడు? దాణా కొండ మీది పశువుల షెడ్డుకి వెయ్యాలి, దారిలో గేటు దగ్గర తమ్ముణ్ణి దించాలి. ఆ గేటు వచ్చేలోపు తన మొగుడి నోట "ఉండరా" అన్న ఒక్క మాట రాలాలని అక్క ఆశ. గంపెడాశ అనే చెప్పాలి, ఎందుకంటే బావా బావమరుదుల మధ్య మాటల్లేక వేసవి వెళ్ళి వానాకాలం కూడా సగం గడిచింది.

గొడవకి పెద్ద కారణమేమీ లేదు. ఒకనాడు టార్పాలిన్ ఎగిరిపోయి బస్తాలు తడిశాయి. తాడు వదులుగా కట్టిందెవరో ఇప్పటికీ తేలలేదు. తేలే దాకా ఆగిందెవరు గనక! లోడింగు వాళ్ళందరి ముందూ బావ నోరు జారాడు. "మామగారు పోయిన దగ్గర్నించీ వీణ్ణి నేనే మోస్తున్నా" అన్నాడు. తమ్ముడు తక్కువ తిన్నాడా, "మా నాన్న బండిలో కూర్చుని నన్ను మోస్తున్నావా బావా?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ ఇద్దరి నోళ్ళకీ తాళాలు పడ్డాయి.

పోనీ మాట్లాడుకోకపోతే మానె అని వదిలేయడానికి ఆ బండి అలాంటిది కాదు. నాన్న నాటి పాత ఫోర్ వీల్ బండి అది. మామూలు రోడ్డు మీద దానికి వెనక చక్రాలే లాగుతాయి, ముందువి ఊరికే వెంట దొర్లుతాయి. బురదొస్తే ముందు చక్రాలకీ పని చెప్పాలి. కొత్త బండ్లలో మీట నొక్కితే చాలంటారు. ఇందులో ఆ సుఖం లేదు. బండి ఆపి, దిగి, ముందు చక్రాల నడుమనున్న హబ్బు బిళ్ళని చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి, ఈ వైపూ ఆ వైపూ. ఆ తర్వాత పైకెక్కి, గేరు పక్కనుండే చిన్న లివరుని, రెండు చక్రాల టూలోంచి నాలుగు చక్రాల ఫోర్‌లోకి లాగాలి. ఒకవైపు లాక్ పడి రెండో వైపు పడలేదనుకోండి, ముందు చక్రాలకి వచ్చిన బలమంతా పడని వైపే ఉత్తపుణ్యానికి తిరిగిపోతుంది. ముందు చక్రాల్లో ఒక్కటీ లాగదు. లివరు మాత్రం ఫోర్‌లోనే ఉండి డ్రైవరుని నమ్మిస్తుంది.

అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టాడు. ఎవరి వైపు వాళ్ళే దిగాలి, ఎవరి హబ్బు వాళ్ళే తిప్పాలి, తిప్పినవాడు "పడింది" అని గట్టిగా అరవాలి. రెండు "పడింది"లు చెవిన పడేదాకా డ్రైవరు లివరు ముట్టకూడదు. నాన్న ఉన్నప్పుడు కొండ కింద ఆ రెండు కేకలూ వినపడితే షెడ్డు వాళ్ళు దాణా తొట్లు కడుక్కునేవారట. వేసవి నుంచీ రెండో కేక ఆగిపోయింది. అలా అరిస్తే బావతో మాట్లాడినట్టే అవుతుందని తమ్ముడి వాదన. చెప్పందే హబ్బు తిప్పనని కూడా వాడి పంతం. చెప్పడానికి బావ నోరు విప్పడు. దాంతో అక్క కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి, ఎవరిదో జాకెట్టు ఒక చెయ్యి కుట్టి ఇంకో చెయ్యి కుట్టకుండానే వదిలేసి, బండెక్కి మధ్య సీట్లో కూర్చోవలసి వచ్చింది. లోడింగు వాళ్ళు ఆవిడ అసలు పేరు మరిచిపోయి మధ్య సీటు అక్క అని పిలవసాగారు.

మధ్య సీటంటే అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆ ఇంజను మోతకి చెవిలో నోరు పెట్టి అరిస్తే గానీ పక్కవాడి మాట వినపడదు. బావ ఈ చెవిలో అరుస్తాడు, తమ్ముడు ఆ చెవిలో అరుస్తాడు. ఈ చెవిన పడింది ఆ నోటికి చేర్చేలోపు అక్క దానికి తల దువ్వి, మొహం కడిగి, పౌడరు రాసి పంపిస్తుంది.

"మీ తమ్ముడికి చెప్పు, చొక్కా మడత నలగకుండా బస్తాలు మొయ్యడం కుదరదని." ఇది బావ. తమ్ముడు లోడింగుకి కూడా ఇస్త్రీ చొక్కాలే వేస్తాడు, అందరూ వాణ్ణి ఇస్త్రీ అనే పిలుస్తారు.

"చొక్కా పాడవుతుందేమో చూసుకోమంటున్నార్రా బావ." ఇది అక్క.

"ఆయనకి చెప్పక్కా, ఈ స్పీడులో పోతే ఈ దాణా పశువులకి కాదు, వాటి మనవలకి అందుతుందని." ఇది తమ్ముడు.

"తమ్ముడు నిదానంగానే పొమ్మంటున్నాడండీ." ఇది మళ్ళీ అక్క. బావ ఆశ్చర్యపోయి, మెత్తబడి, ఇంకా నిదానంగా పోతాడు. తమ్ముడు తనని ఏడిపించడానికే అలా చేస్తున్నాడనుకుని పళ్ళు నూరుతాడు. అక్క మాత్రం ఇవాళ్టికి ఒక గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటుంది. ఇద్దరి మంచి కోసమే కదా అనుకుంటుంది. మంచి కోసమే, కాదని ఎవరన్నారు?

ఇవాళ బండి బయల్దేరాక ఆవిడకి ఆ పని కూడా లేకపోయింది. ఇద్దరూ నోరు మెదపలేదు. బావ చూపు రోడ్డు మీద, తమ్ముడి చూపు కిటికీలోంచి బయట. మధ్యలో అక్క కాలి బొటనవేలు ఒకచోట నిలవడం లేదు. చేతిసంచి జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. అద్దం మీద చినుకులు పడ్డాయి. వైపరు ఒకటే పనిచేస్తుంది, అది కూడా కిర్రుమంటూ సగం దాకా పోయి ఆగుతుంది.

"తమ్ముడు పొద్దున్నించీ ఏమీ తినలేదండీ" అని బావ చెవిలో వేసింది. ఏదో ఒక మాటైనా దొర్లుతుందని.

"ఆకలేస్తే వాడే తింటాడు, చిన్నపిల్లాడా?"

"బావ నువ్వు తిన్నావా అని అడుగుతున్నార్రా" అంది ఇటు తిరిగి.

తమ్ముడు అక్క మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "నిజంగా?" అన్నాడు. ఆవిడ తలూపింది. వాడు మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. నమ్మలేదని ఆవిడకి అర్థమైంది. ఈ మధ్య వాడు తన మాట నమ్మడం మానేశాడు. పోయిన వారం "బావ నిన్ను వెళ్ళొద్దని బతిమాలుతున్నారు" అని చెప్పినప్పుడైతే మొహం మీదే నవ్వాడు.

కొండ మొదట్లో బావ బండి ఆపాడు. అక్కణ్ణుంచి ఎత్తు. రాత్రంతా వాన పడి మట్టిరోడ్డు నూకల జావలా ఉంది. పైన కొత్త తారు రోడ్డు తగిలేదాకా ఇదే బురద. ఒకవైపు గట్టు, ఒకవైపు లోయ కాకపోయినా కాలు జారితే దొర్లుకుంటూ పోయే వాలు.

బావ దిగి, తన వైపు హబ్బు తిప్పి, "పడింది" అని అరిచాడు. మానుకోలేని అలవాటు. తమ్ముడు కూడా అటు దిగాడు. ముందు వెనక్కి పోయి తన పెట్టె తడుస్తోందేమో చూసుకున్నాడు, తర్వాత ముందుకొచ్చి చక్రం దగ్గర నిలబడ్డాడు.

బావ ఎక్కి తలుపేసుకున్నాడు. వంగి అక్క చెవిలో, "తిప్పాడో లేదో అడుగు. మొన్న సగం తిప్పి వదిలేశాడు. ఇవాళ కూడా అలాగే చేస్తే ఇక్కడే దింపేసి పోతానని చెప్పు" అన్నాడు.

అక్క కిటికీలోంచి చూసింది. తమ్ముడు చక్రం మీదికి వంగి ఉన్నాడు. చెయ్యి కూడా హబ్బు దగ్గరే ఉంది. చివరి రోజున, చివరి ట్రిప్పులో, ఇక్కడే దింపేసి పోతానన్న మాట ఎలా చేరవేస్తుంది? అది విన్నాడా, పెట్టె భుజాన వేసుకుని అక్కణ్ణుంచే నడిచిపోతాడు. వాడి సంగతి ఆవిడకి తెలియదా! ఎలాగూ తిప్పుతూనే ఉన్నాడు కదా.

"పడింది" అంది అక్క, మొగుడి వైపు తిరిగి.

బావ లివరుని ఫోర్‌లోకి లాగాడు. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. వాడి చేతిలో పుల్ల ఉంది. దాంతో ఇంకా చెప్పుకంటిన బురద గీక్కుంటూనే ఉన్నాడు. ఆ పుల్ల చూసైనా ఆవిడకి తట్టి ఉండాల్సింది. తట్టలేదు. ఆవిడ బుర్ర నిండా గేటే ఉంది.

సగం ఎత్తు దాకా ఊపు మీదే ఎక్కింది బండి. మలుపు దగ్గర వెనక చక్రాలు జారడం మొదలెట్టాయి. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. ముందు చక్రాలు లాగాలి, లాగడం లేదు. బావ లివరు వంక చూశాడు. ఫోర్‌లోనే ఉంది. ఎక్సిలేటరు ఇంకాస్త తొక్కాడు. వెనక నుంచి బురద ఆకాశానికి లేచింది.

తమ్ముడు ఎవరూ చెప్పకుండానే దూకాడు. ఇలాంటప్పుడు వాడికి పంతాలు గుర్తుండవు. గట్టు పక్క నుంచి ఒక బండరాయి పెకలించి, రెండు చేతులా మోసుకుంటూ వెనక చక్రం దగ్గరికి పోయాడు. అక్క అటు జరిగి పక్క అద్దంలో చూసింది. వంగి ఉన్న తమ్ముడి పసుపు చొక్కా కనబడుతోంది.

అప్పుడే బండి వెనక్కి జారింది.

మెల్లగానే జారింది. కానీ బ్రేకు తొక్కినా ఆగలేదు, చక్రాలు కదలకుండానే బండి మొత్తం గట్టు వైపు ఓరగా పోసాగింది. రాయి చక్రం కింద ఒకసారి లేచి పక్కకి దొర్లిపోయింది. బండికీ గట్టుకీ మధ్య తమ్ముడున్నాడు. అక్క అద్దంలోకి చూస్తోంది. పసుపు చొక్కా ఉంది, ఉంది, లేదు. అరుద్దామని నోరు తెరిచింది.

"ఒరేయ్! తప్పుకోరా! పైకి దూకు, పైకీ!"

అరిచింది బావ. తల కిటికీలోంచి బయటపెట్టి, నరాలు తెగేలా అరిచాడు. బండి గట్టుకి గుద్దుకుని, వెనక చక్రం గట్టు కింది వాననీటి కాలవలో పడి, ఒక్క కుదుపుతో ఆగింది.

బావ తలుపు తీసిందీ, దూకిందీ అక్క చూడలేదు. తను దిగేసరికి అతను బండి వెనక మోకాళ్ళ మీద కూలబడి కిందికి చూస్తున్నాడు. బండి కింద ఒక చెప్పు మాత్రం ఉంది. గట్టు పైనుంచి చిన్న దగ్గు వినపడింది. తమ్ముడు పైన మొక్కల్లో బోర్లాపడి ఉన్నాడు. మొహం కనపడకుండా బురద. బతికే ఉన్నాడు. అక్క బురదలోనే కూర్చుంది.

"చచ్చేవాడివి కదరా వెధవా!" అన్నాడు బావ. "అసలు ఫోర్ ఎందుకు లాగలేదు?" అంటూ లేచి, అటు వైపు ముందు చక్రం దగ్గరికి పోయి చూశాడు. చూసి, వెనక్కి వచ్చాడు. ఇప్పుడు భయం పోయి కోపమే మిగిలింది. "హబ్బు తిప్పలేదు నువ్వు."

"తిప్పమని నాకెవరు చెప్పారు?" తమ్ముడు గట్టు మీంచి జారుతూ దిగాడు. "చెబితే తిప్పుదామని అక్కడే నిలబడ్డా. ఎవరూ చెప్పలేదు. బండి కదుల్తోంది, ఎక్కా."

"పడిందన్నావు కదే!"

ఇద్దరూ అక్క వైపు తిరిగారు.

"నేనే అన్నాను" అంది అక్క. "నువ్వు తిప్పుతున్నావనుకున్నాన్రా. చక్రం దగ్గర వంగున్నావు..."

"చెప్పుకి బురద గీక్కుంటున్నానక్కా!"

"అడగమన్నాను కదా? అడగడానికి నోరు పడిపోయిందా?"

"అడిగితే నేను తిప్పనా? నువ్వు అడగాలి కదక్కా?"

"చూసి చెప్పొద్దూ!"

"అదేగా బావా నేననేది!"

ఇన్నాళ్ళూ ఉప్పూ నిప్పూలా ఉన్నవాళ్ళు ఒక్క గొంతయ్యారు. వీళ్ళిద్దరూ కలవాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు. కలిస్తే ఇలా తన మీదే కలుస్తారని కలగందా? అక్కకి ఏడుపొచ్చింది. తను చేసింది తప్పేనని తెలుసు, ఆ తప్పుకి తమ్ముడి ప్రాణం పోయేదని తెలుసు. అయినా కోపం ఆగలేదు.

"అవును, నోరు పడిపోయింది! ఇక్కడే దింపేసి పోతానని చెప్పమన్నారు మీరు. ఆ మాట చెప్పనా వీడికి? నువ్వేమో ఆయన డ్రైవింగు చూసి ఎద్దులు నవ్వుతున్నాయని చెప్పమంటావు. ఆ మాట చెప్పనా ఆయనకి? వేసవి నుంచీ మీ ఇద్దరి రోతా ఈ చెవుల్లో పోసుకుని, ఒక్క చుక్క బయటికి రానివ్వకుండా చచ్చాను. ఇక నా వల్ల కాదు. ఏమన్నా ఉంటే మొహాలు చూసుకుని మీరే ఏడవండి."

పోయి బండెక్కి తలుపు వేసుకుంది. వేసుకుంది గానీ కిటికీ అద్దం ఎత్తలేదు.

బయటి నుంచి బావ గొంతు, "ఎద్దులు నవ్వుతున్నాయన్నావా?"

"అన్నా. నవ్వవా మరి? నిదానంగా పొమ్మన్నానని చెప్పిందా అక్క?"

"ఆఁ, చెప్పింది."

"నాకు అలుపుగా ఉందేమోనని నువ్వు జాలిపడ్డావని నాతో అంది."

"నేనెప్పుడూ జాలిపడలేదు. ఒళ్ళు వంగని సోమరిపోతువన్నాను."

"అనుంటావని అప్పుడే అనుకున్నా!"

ఇంక మొదలైంది. టార్పాలిన్ తాడు వచ్చింది, తడిసిన బస్తాలు వచ్చాయి, ఇస్త్రీ చొక్కాలు వచ్చాయి. మామగారు పోయిన దగ్గర్నించీ అన్న మాట వచ్చింది, మా నాన్న బండి అన్న మాటా వచ్చింది. అక్క దువ్వి, కడిగి, దాచిన మాటలన్నీ జుట్టు విరబోసుకుని బయటికి వచ్చాయి. ఒక్కో మాటకీ ఆవిడ లోపల ఉలిక్కిపడుతోంది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. దిగి మధ్యలో దూరకపోతే కొట్టుకుంటారేమోనని భయం. దూరితే మళ్ళీ మొదటికొస్తుందని భయం. పిడిని పట్టుకునే కూర్చుంది.

"వెళ్ళొద్దని నువ్వు బతిమాలావట కదా బావా?" అన్నాడు తమ్ముడు ఉన్నట్టుండి. గొంతు తగ్గింది. "అక్క చెప్పింది."

అక్క ఊపిరి బిగబట్టింది. అనండి, అవునని అనండి, అబద్ధమైనా సరే ఒక్కసారి అనండి.

"నేనలా అనలేదు" అన్నాడు బావ.

"నాకూ తెలుసు" అన్నాడు తమ్ముడు. "నువ్వు బతిమాలితే ఆ మాటలు అలా ఉండవు."

అక్క కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళు మోసిన ఆశ అక్కడ బురదలో దిగిపోయినట్టే అనిపించింది. తన వల్లే పోయింది. తను ఆ బతిమాలడం అల్లకపోయుంటే, ఏమో, ఏదో ఒకనాడు అతనే తన పద్ధతిలో అనేవాడేమో.

కాసేపటికి బయట పార చప్పుడైంది. కాలవలో పడ్డ చక్రం ముందు మట్టి తవ్వి, రాళ్ళు వేశారు. "ఇటు వెయ్యి", "కాదు, ఇంకా లోపలికి", "నీ బొంద, అక్కడ కాదు". తమ్ముడు అటు వైపు హబ్బు దగ్గర వంగి, "పడింది!" అని అరిచాడు. వాడి ఎగిరిపోయిన చెప్పు బావే బండి కిందికి దూరి తెచ్చి, వాడి ముందు పడేసి ఎక్కాడు.

బండి ఈసారి ముందుకి లాగింది. ముందు చక్రాలు బురదని పట్టుకుని ఒక్కో అడుగూ ఎక్కసాగాయి. బండి ఆగిపోతే బాగుండునని అక్కకి అనిపించింది. ఎక్కినకొద్దీ గేటు దగ్గరవుతోంది. పక్కన తమ్ముడు చొక్కా బురద చేత్తో తుడవబోయి ఇంకా పులుముకుంటున్నాడు. నాలుగు మాటలు చెప్పాలని నాలుక దురద పెట్టింది. దేని గురించి? ఎవరి తరఫున? పెదవి కొరుక్కుని ఊరుకుంది.

కొండ పైసగంలో ఇవాళ చినుకు పడిన జాడే లేదు. బురద అయిపోయి నల్లటి కొత్త తారు రోడ్డు మొదలైంది. పొడిగా, నున్నగా, ఎండలో మెరుస్తోంది. ఎలాగూ గేటు దగ్గర ఆగాలి, అక్కడే టూలో వేసుకుంటాడులే అనుకుంది అక్క. మలుపు తిరగ్గానే గేటు కనబడింది. నీలం రేకుల షెడ్లు, తారు డ్రమ్ములు, గేటు ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని దారి చూస్తున్న మేస్త్రీ. బండిని చూసి చెయ్యెత్తాడు.

తమ్ముడు సీట్లో ముందుకి జరిగాడు.

బావ చెయ్యి గేరు మీదికి పోలేదు. కాలు బ్రేకు మీదికి పోలేదు. మొహం తిప్పకుండా రోడ్డే చూస్తున్నాడు. గేటు పక్కకొచ్చింది, మేస్త్రీ నవ్వబోయి ఆగిన మొహం కిటికీలో కనబడింది, గేటు వెనక్కి పోయింది.

'ఏమండీ, గేటు' అనడానికి అక్క నోరు తెరుచుకుంది. అలాగే మూసుకుంది. తమ్ముడి వైపు చూడాలంటే భయమేసింది. ఇప్పుడు అరుస్తాడు, ఆపమంటాడు, దూకినా దూకుతాడు. ఓరగా చూసింది. వాడు పక్క అద్దంలోకి చూస్తున్నాడు. అందులో మేస్త్రీ రెండు చేతులూ ఊపుతున్నాడు.

ఇంకో మలుపులో బండి మూలగడం మొదలుపెట్టింది. స్టీరింగు తిరగనని మొరాయించింది, టైర్లు తారుని రాసుకుంటూ కీచుమన్నాయి. బురదలో చక్రాలు జారతాయి గనక ముందువీ వెనకవీ సర్దుకుపోతాయి. పొడి రోడ్డు మీద జారే వీలుండదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం పోవాలంటాయి, వెనకవి ఇంకో దూరం, ఆ లాగులాటంతా లోపల గేర్ల మీద బిగుసుకుంటుంది. బావ లివరు టూలోకి లాగాడు. రాలేదు. గట్టిగా లాగాడు. కరుచుకున్నట్టుంది, కదల్లేదు.

బండి ఆపాడు. దీనికి మందు అందరికీ తెలిసిందే. రివర్సు వేసి కాస్త వెనక్కి తీస్తే బిగువు వదిలి లివరు దానంతటదే వస్తుంది. అతని చెయ్యి రివర్సు మీదికి పోయి అక్కడే ఆగింది. అద్దంలో మేస్త్రీ రోడ్డెక్కి, వీళ్ళ వైపే గబగబా నడిచి వస్తున్నాడు. బావ గొంతు సవరించుకున్నాడు. చెమట చెంపల మీంచి కారుతోంది.

"లివరు బిగుసుకుందిరా" అన్నాడు చివరికి.

"తెలుస్తోంది" అన్నాడు తమ్ముడు.

"వెనక్కి తియ్యాలి."

అక్క తన చేతివేళ్ళు తనే నలిపేసుకుంటోంది. తమ్ముడు అద్దంలోకి ఇంకోసారి చూశాడు. మేస్త్రీ దగ్గరికి వచ్చేస్తున్నాడు, ఏదో అరుస్తున్నాడు కూడా. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి, మేస్త్రీని కాదు, రోడ్డు అంచుని చూశాడు.

"వెనక్కెందుకు బావా?" అన్నాడు. "పక్కన కంకరుంది కదా. నా వైపు చక్రాలు దాని మీదికి దించి ముందుకే పోనీ. కాస్త జారితే అదే వదులుతుంది."

బావ దించాడు. చక్రాలు కంకర మీద కరకరమంటూ జారాయి. కింద ఎక్కడో టక్కుమంది, లివరు వెన్నలో చెయ్యి పెట్టినట్టు టూలోకి వచ్చింది. బండి తేలికపడి ముందుకి సాగింది. మేస్త్రీ రోడ్డు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

అక్క ఏడుస్తోంది. ముక్కు ఎగబీలుస్తూ, ఆపుకోడానికి కూడా ప్రయత్నించకుండా, హాయిగా ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగలేదు. షెడ్డు దగ్గర బస్తాలు వెనక నుంచి దించాలా, పక్క నుంచి దించాలా అన్న దాని మీద వాళ్ళిద్దరూ అప్పుడే పోట్లాట మొదలెట్టారు. ఇంజను మోత మీంచి, ఆవిడ తల మీంచి, ఆవిడ అక్కడ లేనట్టే అరుచుకుంటున్నారు.